పిలుపులు – పలకరింపులు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసందర్భమున వెలువడు సంచికకు ఒక చరిత్రవ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరినారు. ఊరి గుడిని గూర్చి, చెరువును గూర్చి వ్రాయుటకు సమర్థులైన పెద్దలు ఉన్నారు. నేను అంతకంటె చిన్న విషయమును ఎత్తుకొనుచున్నాను. ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు మనమందరము వాడుచు, వాడుచున్నామను తలంపైనను లేక వాడుచుండు మాటలు కొన్ని కలవు. అవి మనము ఒకరినొకరము పిలుచుకొను పిలుపులు, ఎదురుపడినప్పటి పలకరింపులు. రాజుల దండయాత్రలకు తేదీలున్నట్లు వీనికి తేదీలు లేవు. కాని ఒక ఊరిలో ఎవరు ఎవరిని ఏమని పిలిచిరో తెలిసినచో, ఆ ఊరిలో ఎవరు ఎట్లు బ్రతికిరో చాలవరకు తెలియును. కనుక ఇదియు చరిత్రయే.

ఈ మాటలలో ఒక చిత్రము కలదు. వినుటకు ఒకే తీరున ఉండి, అర్థమున ఆమడదూరము ఉండునవి వీనిలో చాల ఉన్నవి. నిఘంటువు తిరుగవేసి వీనిని నేర్చుట కష్టము. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఏ ఊర అన్నారు, ఏ గొంతుతో అన్నారు అని చూచినగాని అర్థము తేలదు.

రాకపోకల మాటలు

మొదట సెలవు తీసుకొను మాటనే చూడుడు. మన ఇంటికి వచ్చిన చుట్టము లేచి, కండువా సవరించుకొని, “ఇక వస్తాను” అనును. వస్తానని చెప్పి పోవును! తెలుగు క్రొత్తగా నేర్చినవాడు వినినచో తికమకపడును. మన పెద్దలకు గడపలో నిలిచి “పోతాను” అనుట ఇష్టము లేదు. “పోయినాడు” అన్నచో మరణించినాడను అర్థము స్థిరపడియుండుటయే దానికి కారణము. అందుచేత “పోయి వస్తాను”, “వెళ్లి వస్తాను” అని తిరిగివచ్చుటను కూడ చేర్చి పలికిరి. పలుకగా పలుకగా పోవుట జారిపోయి, వచ్చుట మాత్రమే మిగిలినది. అట్లే బయలుదేరినవానిని “ఎక్కడికి?” అని అడుగరాదు, వెళ్లిన పని చెడునని నమ్మకము. “ఎందాకా?” అని అడుగవలెను. తెలిసికొనగోరినది రెండింటను ఒకటే.

“బాగున్నారా?” అని కోస్తాలో, “బాగుండావా?” అని రాయలసీమలో, “మంచిగున్నవా?” అని తెలంగాణములో క్షేమము అడుగుదురు. దానికి తోడు “భోజనమైనదా?”, “అన్నము తింటివా?”, “బువ్వ తిన్నావా?” అనునవి అన్ని చోట్లను కలవు. ఇవి ప్రశ్నలవలె కనబడు పలకరింపులు. అడిగినవాడు ఆకు వేసి వడ్డింపబోడు. బదులు చెప్పువాడు కడుపు ఖాళీగా ఉన్నను “ఆఁ, అయినది” అని సాగిపోవును. కాని 1832–33 నాటి నందన కరువును, 1876–78 నాటి ధాత కరువును చూచిన నేల మనది. గంజి దొరకక మనుషులు రాలిపోయిన కాలమున “తిన్నావా?” అను మాట మర్యాదకొరకు అడిగినది కాదు. పొరుగువాడు ఈ పూట బ్రతికియున్నాడా అని తెలిసికొనుటకు అడిగినది. కరువు పోయి, ప్రశ్న మనకు మిగిలినది.

చేతులెత్తి పలుకు మాటలు

దండము అనగా కర్ర. కర్రవలె నేలకు సాగిలపడి మ్రొక్కుట దండప్రణామము. దానినుండి మ్రొక్కుటకే దండమను పేరు వచ్చి, పల్లె నాలుకపై దణ్ణము, దణ్ణాలు అయినది. అదే దండము శిక్షయు అయినది. దండించుట, దండుగ ఆ కుదురునకు చెందినవే. వీని ప్రక్కనే పూలదండ ఉన్నది, సైన్యమను అర్థమున దండు ఉన్నది, విస్తారమను అర్థమున దండి ఉన్నది. ఒక మనిషి ఒకే దినమున దేవునికి దండ వేసి, దండము పెట్టి, తిరుగుదారిలో పంచాయతికి దండుగ కట్టి ఇల్లు చేరవచ్చును.

నమస్తే అను మాట నమః, తే అను రెండు మాటల కలయిక. నీకు నమస్కారమని దాని అర్థము. ఆ ‘తే’ ఏకవచనము. తెలుగున పెద్దలను “నీకు” అన్నచో తప్పుపట్టుకొందురు. సంస్కృతమున గురువును, దేవుని అట్లే అందురు. నేడు మంత్రులకును, అధికారులకును మనము చేతులు జోడించి చెప్పునది “నీకు నమస్కారము” అనియే. ఎవరును కోపింపరు. దీనినిబట్టి మర్యాద అక్షరములలో లేదనియు, సంఘపు అలవాటులో ఉన్నదనియు స్పష్టమగుచున్నది.

అలవాటు మారినచో మాటకు గతి ఎట్లు మారునో చూపుటకు జోహారు చాలును. పూర్వము రాజునెదుట, పెద్దల ఎదుట, అనగా బ్రతికియున్నవారికి చేయు వందనము జోహారు. నేడు జోహార్లు అనునది సంతాపసభలలోనే ఎక్కువగా వినబడుచున్నది. సన్మానసభలో ఒక పెద్దమనిషికి జోహార్లు అర్పించినచో ఆయన ఉలికిపడి తన చేతిని తాను తడిమి చూచుకొనును.

తెలంగాణపు పల్లెలలో “శనార్తి” అను పలకరింపు కలదు. అది శరణార్థి అను మాటయొక్క పలుకుబడి. వీరశైవభక్తులు ఒకరినొకరు శరణు, శరణార్థి అని మ్రొక్కుకొనెడివారు. భక్తుడు భక్తుని శరణు కోరుట అందులోని భావము. 1947లో దేశవిభజన జరిగి లక్షలకొలది జనులు ఇల్లువాకిళ్లు విడిచి వచ్చినపిమ్మట, ఆ అభాగ్యులను శరణార్థులని వ్రాయుట వాడుకయైనది. ఒక చెవికి అది ఎదురుపడిన మిత్రుని పలుకు. మరియొక చెవికి ఇల్లు లేనివాని ఏడ్పు.

సలాము అను అరబ్బీమాటకు శాంతి అని అర్థము. దానిని చెప్పుకొనువారిలో అది సమానుల పలుకు. ఐనను తెలుగువాడుకలో “సలాము కొట్టుట” లొంగియుండుటకు మారుపేరైనది. శాంతిని కోరు మాటకు ఆ నీచార్థము ఎందుకు పట్టినది? మన పల్లెవాడు దానిని తోటివానికి చెప్పలేదు. కచేరీలో కూర్చున్న అధికారికి, నిలువుకాళ్లమీద చెప్పినాడు.

రా అను ఒక అక్షరము

“రా” అను ఏకాక్షరము మన భాషలో రెండు పనులు చేయుచున్నది. విడిగా ఉన్నప్పుడు వచ్చుటను విధించును. మాట చివర చేరి “ఏమిరా”, “లేదురా” అన్నప్పుడు సంబోధన యగును. రెండును కలిసి “రారా” యగును. వచ్చుట ఒకటే యైనను పిలుచుట పలువిధములు: రా, రారా, రావే, రావోయి, రావయ్యా, రావమ్మా, రండి, రండయ్యా, దయచేయండి, విచ్చేయండి, వేంచేయండి. గోడ అవతల ఉండి వినినవాడు సైతము గుమ్మములోనికి వచ్చినది ఎవరో చూడనక్కరలేదు. పిలుపును బట్టి వారు చాపమీద కూర్చుందురో, కుర్చీలో కూర్చుందురో, అరుగు దిగువనే నిలుచుందురో చెప్పగలడు.

ఈ మెట్లలో దయచేయండి అను మాట మిక్కిలి తమాషా యైనది. లోనికి దయచేయండి అన్నచో రండని అర్థము. ఒక పుస్తకము దయచేయండి అన్నచో ఇమ్మని అర్థము. మాటమాట పెరిగినపిమ్మట “తమరిక దయచేయండి” అన్నచో వెళ్లిపొమ్మని అర్థము. ఒకే మర్యాదమాట తలుపు తెరచుటకును, మూయుటకును పనికివచ్చుచున్నది.

పొలిమేర దాటిన వరుసలు

మన పల్లెలలో రక్తసంబంధము లేనివారిని సైతము మామ, అన్న, అక్క, పిన్ని అని వరుసపెట్టి పిలుచుట ఉన్నది. ఇది మంచి ఆచారము. కాని నాలుగు జిల్లాలు దాటిపోయినచో ఆ వరుసలే తారుమారగును.

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో అప్ప అనగా అక్క. అనంతపురమువైపు, కన్నడదేశపు పొరుగున, అప్పా అనునది మగవానిని ఆదరముతో పిలుచు మాట. కన్నడమున అప్ప అనగా తండ్రియే. వీరప్ప, తిప్పప్ప వంటి పేర్ల చివర ఉన్నదియు ఆ అప్పయే. ఉత్తరాంధ్రపు బాలుడు “మా అప్ప వచ్చినది” అన్నచో అనంతపురపు బాలునికి నవ్వు వచ్చును. అవ్వ అనగా రాయలసీమలో తల్లి తల్లియో, తండ్రి తల్లియో. తెలంగాణములో పలుచోట్ల కన్నతల్లియే. కోస్తాలో “అవ్వ!” అని ముక్కుమీద వ్రేలు వేసికొనినచో అది ఆశ్చర్యార్థకము మాత్రమే.

అయ్య అను మాట విస్తారము ఇంకను పెద్దది. ఎన్నో ఇండ్లలో అయ్య అనగా తండ్రి. అయ్యా అన్నచో ఏ గౌరవనీయునికైనను చెల్లును. అయ్యగారు అనగా కొన్నిచోట్ల పూజారి, కొన్నిచోట్ల యజమాని. అయ్యవారు అనగా బడిపంతులు. అయ్యో అన్నచో జాలి. రామయ్య, సుబ్బయ్య అని పేర్ల చివర చేరినచో అది పేరులో భాగమే. ఈ మాట సంస్కృతపు ‘ఆర్య’ శబ్దమునుండి వచ్చినదని కొందరును, ద్రావిడభాషల సొంతమాట యని కొందరును వాదింతురు. ఏది నిజమైనను తండ్రి, గురువు, దేవుని అర్చకుడు, కూలి ఇచ్చు దొర, అందరును ఈ రెండక్షరములలో ఒదిగిరి.

అబ్బ అనగా తండ్రి. నేడు ఆ అర్థము చాలచోట్ల మాసిపోయినను “వాని అబ్బసొమ్మా?” అను దెప్పిపొడుపులో చెక్కుచెదరక ఉన్నది. నెల్లూరు, రాయలసీమ ప్రాంతములలో అబ్బీ, అమ్మీ అని పిల్లలను పిలుచుట ముద్దు. బాబు అన్నచో కొన్ని ఇండ్లలో కొడుకు, కొన్ని ఇండ్లలో తండ్రి, పొలములో మాత్రము భూస్వామి. కాక అనగా తెలంగాణములో చిన్నాన్న. “కాకా పట్టుట” అనగా కోస్తాలో ముఖస్తుతి చేసి పని సాధించుకొనుట. పొయ్యిదగ్గర కాక అనగా వేడి. గుంట అనగా మనకు నేలలోని గొయ్యి, తెలంగాణపు రైతునకు ఎకరములో నలుబదవ పాలు, ఉత్తరాంధ్రమున ఆడపిల్ల. ఏమిటి అనుటకు ఉత్తరాంధ్రులు “ఏటి” అందురు. “ఏటి సంగతులు?” అని వారు కుశలమడిగినచో, క్రొత్తవాడు ఏటి ఒడ్డున ఏమి జరిగినదా యని ఆలోచించును.

వీనిని పామరుల వికృతులని పండితులు చాలకాలము త్రోసివేసిరి. తెలుగునాట ఉద్యోగము చేయవచ్చిన సి. పి. బ్రౌను దొర 1852లో తన తెలుగు నిఘంటువును, 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించి, కచేరీలలోను బజారులలోను వినవచ్చు మాటలకు చోటిచ్చెను. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి దిద్దబడిన రూపమున వెలువడినది. అందు ఏ పాత్ర ఏ పాత్రను ఏమని పిలుచునో గమనించిన పాఠకునికి, ఆనాటి విజయనగరపు సంఘము కన్నులకు కట్టును. గిడుగు రామమూర్తిపంతులుగారు (1863–1940) జీవితమంతయు జనుల నోటిమాటకు బడిలో చోటు కావలెనని పోరాడిరి. పిమ్మట భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారి మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము 1962లో వెలువడినది. అది వ్యవసాయపు మాటలది. తెలుగుదేశమున నాలుగు భాషామండలములు కలవని వారు నిరూపించిరి. ఉత్తరాంధ్రము ఒకటి, నడిమి కోస్తా ఒకటి, నెల్లూరు–రాయలసీమలు ఒకటి, తెలంగాణము ఒకటి. ఏ మండలపు మాటయు మరియొక మండలపు మాటకు చెడిన రూపము కాదని ఈ కృషివలన మనము తెలిసికొనవలసినది.

ఇది తెలియక వచ్చిన చిక్కులు కొన్ని కావు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపిమ్మట ఒక ప్రాంతపు ఉద్యోగులు మరియొక ప్రాంతమునకు పోయిరి. తెలంగాణపు పల్లెలలో పెద్దవానిని “నువ్వు” అనుట చనువు, ఆప్యాయత. దానికి అన్నా, అవ్వా అను వరుస కలిపినచో మర్యాద నిండును. కోస్తావానికి “మీరు”, “అండి” లేనిదే మర్యాద లేదు. వరుస కలిపి “నువ్వు” అన్నవాని మాట కోస్తావానికి మోటుగా తోచినది. మాటమాటకు “అండి” అన్నవాని మాట తెలంగాణమువానికి ఎడముగా, నటనగా తోచినది. ఇరువురును మర్యాదయే చేసిరి. ఇరువురును అవమానింపబడితిమని తలచిరి. 2014లో రాష్ట్రములు రెండైనవి. ఆ విభజనకు కారణములు వేరు, పెద్దవి. కాని ఇట్టి చిన్న గాయములను లెక్కింపనిచో ఆ చరిత్ర పూర్తి కాదు.

ఒరే అను మాట

ఒరే, ఓరి, ఏరా అనునవి ఒక జాతి. ఒసే, ఓసి, ఏమే అనునవి దానికి జోడు. చిన్ననాటి నేస్తులు అరువదియేండ్ల ప్రాయమున కలిసికొని “ఒరే” అనుకొనినచో, ఆ క్షణమున వారి నెరసిన తలలు వారికి కనబడవు. తల్లి కొడుకును “ఒరే” అనును. భద్రాచల రామదాసును, త్యాగరాజస్వామియు శ్రీరామచంద్రుని “రా” అని పిలిచిరి. అంతటి ప్రేమ ఆ మాటలో ఇముడును.

ఆ మాటయే పరువును తీయగలదు. ప్రేమకును అవమానమునకును నడుమ గుర్తు ఒకటి ఉన్నది: “ఒరే” అనిపించుకొన్నవాడు తిరిగి “ఒరే” అనగలడా? నేస్తుడు అనగలడు. త్యాగరాజునకు ఆ చనువు రాముడు ఇచ్చినాడు. అట్లు తిరిగి అనలేనివానిని ఒరే అని పిలిచినచో అది ప్రేమ కాదు, అధికారము. మన పల్లెలలో మాలమాదిగలను, పాలేళ్లను, చాకలిమంగళ్లను ప్రాయము చూడక ఒరే అని పిలిచిరి. పదేండ్ల బాలుడు అరువదియేండ్ల వృద్ధుని ఒరే అనుటయు, ఆ వృద్ధుడు బాలుని “బాబూ”, “అయ్యా” అనుటయు తరతరములు సాగినది.

పేర్ల చివర చేరు మాటలలోను ఇదియే కథ. గారు అనునది ఒకటి, గాడు అనునది ఒకటి. వారు, వాడు అను మాటలతో వీనికి గల పోలిక చెవికే తెలియుచున్నది. రెండింటికి నడుమ ఒక అక్షరమే భేదము. ఒకే నక్షత్రమున పుట్టి ఒకే దేవుని పేరు పెట్టుకొన్న ఇద్దరిలో ఒకడు రామయ్యగారు, ఒకడు రామిగాడు అయిరి. ఊరిలో ఒకరి ఇల్లు నడివీధిని, మరియొకరి ఇల్లు పొలిమేరను ఉండుటకు కారణమైన దూరమంతయు ఆ ర, డ ల నడుమ ఉన్నది.

ఉత్తరములమీద వ్రాయు మాటలును ఇట్టివే. మహారాజశ్రీ అని ఒకరికి, బ్రహ్మశ్రీ అని ఒకరికి, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని ఆడుబిడ్డలకు వ్రాసెడివారు. భర్త పోయిన స్త్రీకి గంగాభాగీరథీసమానురాలని వ్రాసి, దానిని “గం. భా. స.” అని మూడు అక్షరములకు కుదించిరి. మాట పవిత్రమైనదే. కాని ఆ మూడక్షరములు చూచినంతనే తపాలా బంట్రోతునకు సైతము ఆమె వైధవ్యము తెలిసెడిది. గౌరవమను పేర దుఃఖమును కవరుమీద అచ్చువేసిన ఆచారమది. ఇండ్లలోపల భర్త భార్యను “ఒసే”, “ఏమే” అని పిలువగా, ఆమె అతని పేరైనను పలుకక “ఏమండీ” అని పిలిచినది.

తెలంగాణములో దొరల గడీలముందు వినబడిన పలకరింపు అన్నింటిలో బరువైనది. “బాంచెను, నీ కాల్మొక్త” అని పల్లెవాడు వంగి పలుకవలసివచ్చెను. బాంచ అనగా బానిస. నీ బానిసను, నీ కాళ్లు మ్రొక్కుదును అని చెప్పుటయే ఆ సీమలో “బాగున్నారా” అనుటకు బదులుగా ఉండెను. వెట్టిచాకిరి చేయించుకొనిన వ్యవస్థకు ఆ మాట వాకిలి వంటిది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులలో నేలకొరిగినాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను, తన భూమిని విడువనని నిలిచినది. 1946 మొదలు 1951 వరకు సాగిన ఆ రైతాంగపోరాటము భూమికొరకును, వెట్టినుండి విముక్తికొరకును జరిగినదని చరిత్రగ్రంథములు చెప్పుచున్నవి. వంగి పలుకనక్కరలేని ఒక పలకరింపుకొరకును జరిగినదని నేను చేర్చుచున్నాను.

తమను ఏమని పిలువవలెనో తామే నిర్ణయించుకొనుట ఎంత గొప్ప విషయమో తెలిసినవారు భాగ్యరెడ్డివర్మగారు (1888–1939). 1917లో బెజవాడలో పంచమసభ అను పేర కూడిన మహాసభలో, పంచములను మాటను వారు తిరస్కరించిరి. ఈ నేలకు మొదటివారమగుటచేత తాము ఆది ఆంధ్రులమని ఆ సభ ప్రకటించుకొనెను. ఇతరులు పెట్టిన పేరును దించి తమ పేరును తాము ఎత్తుకొనుట అది.

మన గ్రంథాలయపు గడపలో

ఇంతవరకు దేశపు మాటలు చెప్పితిని. ఇప్పుడు నా మాట చెప్పవలెను. నా చిన్ననాట మా ఇంట ఒక పాలేరు ఉండిరి. ఈ వాక్యమును మొదట “ఉండెను” అని వ్రాసి, కొట్టివేసి, “ఉండిరి” అని దిద్దితిని. చేతికి ఇప్పటికిని పాత అలవాటు పోలేదు. ఆయన మా నాన్నకంటె పెద్దవారు. నేను పదేండ్లవాడను. “ఒరే, ఎడ్లకు నీళ్లు పెట్టావా?” అని నేను అడుగగా, “పెట్టినాను బాబూ” అని ఆయన చెప్పెడివారు. అది తప్పని నాకు ఎవరును చెప్పలేదు. ఇంటిలోని పెద్దలు నాకు చదువు చెప్పించిరి, పద్యములు వల్లెవేయించిరి. ఈ ఒక్క మాట మాత్రము దిద్దలేదు.

కాలము గడిచెను. ఆయన ముదిమిలో రాత్రిబడికి పోయి అక్షరములు నేర్చిరి. మన గ్రంథాలయము తెరచిన క్రొత్తలో ఒకనాటి ఉదయమున, చెప్పులు దూరముగా విడిచి, గడపవద్ద వచ్చి నిలిచిరి. లోన బల్లవద్ద కూర్చున్న యువకుడు, ఆ రోజులలో పుస్తకములు ఇచ్చుచుండినవాడు, తల ఎత్తి చూచి, “రండి తాతా, కూర్చోండి” అనెను. ఆ వృద్ధుడు వెనుకకు తిరిగి చూచిరి. తన వెనుక మరియొకరెవరో వచ్చిరనియు, ఆ పిలుపు వారికనియు ఆయన తలచిరి. వెనుక ఎవరును లేరు.

నేను అక్కడనే పత్రిక చదువుచుంటిని. జరిగి చోటిచ్చితిని. పిలుచుటకు మాట దొరకలేదు. “ఒరే” నోట రాలేదు. “మీరు” అనుటకు నాలుక తిరుగలేదు. తుదకు “ఇదిగో, పేపరు” అని చేతికిచ్చితిని. మీరు అని పిలుచుటకు నాకు మరి కొన్ని నెలలు పట్టినది. నన్ను బాబూ అనవద్దని ఆయనను వేడితిని. “అలవాటు బాబూ” అని నవ్విరి. తుదివరకు అట్లే పిలిచిరి. ఆ బాకీ నేను తీర్చలేకపోతిని.

1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును స్థాపించినప్పుడు, ఊరూర పుస్తకములుండవలెనని కోరిరి. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము వెలసినది. అట్టి సంస్థల మేలు పుస్తకములతో ముగియలేదని నా అనుభవము చెప్పుచున్నది. చందాదారుల పట్టికలో ప్రతి పేరునకు ముందు ‘శ్రీ’ యో ‘శ్రీమతి’ యో ఉన్నది. అక్కడ గాడు అను మాటకు చోటు లేదు. బల్ల అందరికిని ఒకటే. పత్రిక ఎవరు ముందు వచ్చిన వారిది. ఆ యువకుడు గొప్ప సంస్కర్తనని తలచి ఆ మాట అనలేదు. గ్రంథాలయమునకు వచ్చినవారిని రండి అనవలెనని మాత్రమే అతనికి తెలియును.

నేటి మాటలు

నేటి బాలురు హాయ్ అనుచున్నారు. పెద్దలకు అది హాయి అని వినబడుచున్నది. చరవాణి చెవిని పెట్టుకొని అందరమును హలో అనుచున్నాము. పిల్లనిచ్చిన మామ, మేనమామ అను అర్థములకు తోడు, ఒకే బెంచిమీద కూర్చున్న నేస్తుడును మామయే అయినాడు. గురూ అన్నచో పాఠము చెప్పు గురువు కాదు. బాసూ అన్నచో జీతమిచ్చు యజమాని కాదు. వీనిని విని భాష చెడుచున్నదని కొందరు పెద్దలు నొచ్చుకొనుచున్నారు. నాకు అట్లు తోచదు. అప్పయు, అవ్వయు, దండమును, జోహారును మారినట్లే ఇవియు మారుచున్నవి. పైగా ఈ క్రొత్త పిలుపులలో ఒక సుగుణము ఉన్నది. మామా అన్నవానిని మామా అనవచ్చును. బాసూ అన్నవానిని బాసూ అనవచ్చును. తిరిగి అనదగిన పిలుపు ఏదైనను మంచిదే.

పెద్దలకు ఒక విన్నపము, పిన్నలకు ఒక విన్నపము చేసి ముగించెదను. మన ఊరి పిలుపులు, వరుసలు, పలకరింపులు పలువురు వృద్ధుల నాలుకలపైననే ఉన్నవి. వారితోనే అవి పోకుండ గ్రంథాలయములో ఒక పుస్తకము ఉంచుదము. చందాదారులు తమకు తెలిసిన మాటను, దానిని ఎవరు ఎవరితో అనెడివారో, ఏ అర్థముననో, దాచక వ్రాయవలెను. ప్రేమమాటలతోపాటు అవమానపు మాటలును వ్రాయవలెను. వానిని చెరిపివేసినచో, అవి పడినవారి బాధయు జరుగనట్లే అగును.

పిన్నలకు చెప్పదగినది కొంచెమే. గ్రంథాలయమునకు ఎవరు వచ్చినను “రండి, కూర్చోండి” అనుడు. ఆ మాట విని ఈ ఊరిలో మరెవ్వరును వెనుకకు తిరిగి చూచుకొనకుండ ఉందురుగాక.